వల సర్దాకే ఇంటికి

ఫ్రీలాన్సింగ్‌లోకి కొత్తగా దిగినవాళ్లు నన్నడిగే మొదటి ప్రశ్న రేటు గురించి కాదు, అడ్వాన్సు గురించీ కాదు. "పొద్దున్నే ఎన్నింటికి లేవాలండీ?" ఐదింటికి లేచి చన్నీళ్లు పోసుకుని కూర్చుంటే ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడిపోతుందని వాళ్లకెవరో చెప్పి ఉంటారు. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. నేనెరిగిన ఫ్రీలాన్సర్లలోకెల్లా పాతకాపులు యానాం పక్కన దరియాలతిప్పలో ఉన్నారు. నెల జీతం లేదు, పైఅధికారి లేడు, రేపు పని గిడుతుందన్న భరోసా లేదు. చేపల వేటకెళ్లే వాళ్లెవరూ రోజూ ఒకే వేళకి బయల్దేరరు. అయినా వాళ్ల పనికున్న పద్ధతి నా పనికి లేదు.

వాళ్ల వేళని పోటూ పాటూ నిర్ణయిస్తాయి. గౌతమీ గోదావరి ఇక్కడ సముద్రంలో కలవబోతూ ఉంటుంది. పాటు మీద పడవ కిందికి జారుతుంది, పోటు మీద ఇంటికొస్తుంది. ఎదురెళ్తే డీజిలు దండగ. ఆ పోటు రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. ఎందుకో కాస్త నిదానంగా చెప్తాను, నాకిష్టమైన ముక్క ఇది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. 24 గంటల్లో ఒక చుట్టు పూర్తయ్యేసరికి చంద్రుడు నిన్నటి చోట ఉండడు, సూర్యుణ్ణి వదిలి మరో 12 డిగ్రీలు పోయుంటాడు. ఆ 12 డిగ్రీలూ తిరగడానికి భూమికి ఇంకో 48 నిమిషాలు కావాలి. ఆ కాసేపట్లో చంద్రుడు మరికాస్త జరుగుతాడు కనక, ఉజ్జాయింపుగా 50. చంద్రుడు నెత్తిమీదికి రావడం ఎంత ఆలస్యమైతే పోటూ అంత ఆలస్యం. ఇంతకీ ఆ 12 డిగ్రీలకి మనవాళ్లు పెట్టిన పేరే తిథి. ముప్పై తిథులు, 360 డిగ్రీలు. "ఈవేళ తిథేంట్రా?" అని వేటకెళ్లే మా మావయ్య అడిగితే అది భక్తి అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఆయన అడిగింది టైము.

అదే పంచాంగంలో రాహుకాలమూ ఉంటుంది. దానికి చంద్రుడితో పనిలేదు, వారం తెలిస్తే చాలు. క్యాలెండర్లలో సోమవారానికి ఏడున్నర నుంచి తొమ్మిది అని వేస్తారు. ఆ గంటన్నరా ఆగి గాని ఇన్వాయిస్ పంపని మిత్రుడొకడు నాకున్నాడు. క్లయింటు టొరంటోలో ఉంటాడు. అక్కడ అప్పటికింకా ఆదివారం రాత్రే.

ఇక ఆ ఇరవై ఒక్క రోజుల సంగతి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి పాకిన మాట అది. కొత్త ముఖానికి అలవాటు పడడానికి రోగులకి కనీసం ఇన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు. అందులోంచి 'కనీసం' జారిపోయి, ముఖం జారిపోయి, అంకె ఒక్కటీ మిగిలింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే తేలిన లెక్క వేరు: నడిమిగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అయ్యప్ప మాల 41 రోజులు కూడా చాలవన్నమాట! ఆ అధ్యయనంలో అంకెల కంటే నాకు నచ్చింది ఇంకోటుంది. వాళ్లు కొత్త అలవాటుని గడియారానికి కట్టలేదు. 'టిఫిను తిన్నాక' అన్నట్టు రోజూ ఎలాగూ జరిగే మరో పనికి ముడేశారు. ఒక రోజు తప్పినా కొంప మునగలేదు కూడా. మావయ్య పోటుకి ముడేసుకున్నాడు. నేను పిల్లల స్కూలు ఆటోకి ముడేసుకున్నాను. అది ఎనిమిదికి రావచ్చు, ఎనిమిదీ పాతికకి రావచ్చు. అది వెళ్లిందంటే నేను కుర్చీలో ఉంటాను.

ఇక ఆ కుర్చీ ముందున్న బల్ల గురించి చెప్పాల్సింది తక్కువ. తూర్పుకి తిరిగి కూర్చోమని వాస్తు చెప్తుంది. తూర్పున కిటికీ ఉంటే పొద్దుటెండ కళ్లలోకి కొడుతుంది, వీపు వెనకుంటే తెర మీద మెరుస్తుంది. కిటికీ పక్కకుండాలి, దిక్కేదైనా సరే. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి, కీబోర్డు విడిగా కొనుక్కోండి. గాలివానకి కరెంటు పోయే ఊరైతే రౌటరుకి చిన్న బ్యాటరీ. అయిపోయింది.

అసలు పనంతా వల దగ్గరుంది. పడవ ఒడ్డెక్కాక ఎంత ఆకలేసినా మావయ్య అన్నానికి లేవడు. వల ఇసక మీద పరిచి నాచు దులుపుతాడు, ఇరుక్కున్న పీత కాళ్లు విరిచి లాగుతాడు. చిరుగు కనబడితే అక్కడికక్కడ అల్లడు, గుర్తుకి గుడ్డపేలిక కడతాడు. బెండ్లొకవైపు, సీసపు గుండ్లొకవైపు వచ్చేలా మడతమీద మడత వేస్తాడు. రేపు మొదట నీళ్లలోకి దిగే కొస పైకుండాలి. "తిని వచ్చి సర్దొచ్చుగా మావయ్యా" అన్నానోసారి. "ఏటి మొగలో అల కొట్టేటప్పుడు చిక్కు తీసుకుంటా కూచోమంటావేంట్రా?" అన్నాడు.

నా అనువాదాల పనికి దాన్ని యథాతథంగా ఎత్తుకొచ్చాను. చివరి పావుగంట కొత్త వాక్యం ముట్టను. ఏ ఫైలు, ఎన్నో పేరా, రేపటి మొదటి వాక్యం ఏంటి అని చీటీ రాస్తాను. తేలని మాటలకి పసుపు రంగు పూస్తాను, అదే నా గుడ్డపేలిక. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోటే ఆ రోజుకి రాత ఆపుతానని హెమింగ్వే చెప్పుకున్నాడు, ఆయనకీ చేపల వేట పిచ్చే. ఒక పని నుంచి ఇంకోదానికి మారినా మొదటిది బుర్రలో కొంత అంటుకునే ఉంటుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించింది. దులపని వల అన్నమాట. అయితే చేప కుళ్లుతుంది, ఈమెయిలు కుళ్లదు కదా అనొచ్చు మీరు. మూడు వారాలు జవాబివ్వని ఈమెయిలు వాసన మీరెరగరు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. మరపడవలన్నీ ఒడ్డునే. గుడ్డపేలికలన్నీ విప్పి అల్లేది అప్పుడే, పడవకి రంగేసేదీ అప్పుడే. పనుల్లేని వారం వస్తే మనం ఫోను చూస్తూ కూచుంటాం. పోయిన వేసవిలో నాకూ అలా ఖాళీ వస్తే పాత పదకోశం దులిపాను. 'బ్యాకప్'కి మూడు రకాల తెలుగు మాటలు వాడి ఉన్నాను. మూడూ ఒకే క్లయింటుకి.