మనోవ్యాధుల మందులు - దాంపత్య జీవితము

1952లో పారిస్ నగరమున డెలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అను మందును ఉన్మాద రోగులకు ఇచ్చి చూచిరి. అంతవరకు అదుపునకు రాని రోగులు శాంతించిరి. పిమ్మట ఇట్టి మందులు అనేకము వచ్చినవి. లేని మాటలు వినిపించుట, నిష్కారణమైన అనుమానములు మొదలగు లక్షణములు వీనివలన తగ్గును. కాని వీనిని వాడువారిలో పలువురికి దాంపత్య సుఖము కొరవడును. సిగ్గుచే ఆ సంగతి వైద్యునికి చెప్పరు. మందును చాటుగా మానివేయుదురు. కొంత కాలమునకు వ్యాధి తిరుగబెట్టును.

ఈ బాధ ఎట్లు కలుగును? నాడీకణముల మధ్య వార్తలను చేరవేయు రసాయనములలో డోపమీన్ ఒకటి. దాని పనిని అడ్డగించియే ఈ మందులు వ్యాధిని అణచును. అయితే డోపమీన్‌కు మరియొక పనియు కలదు. మెదడు అడుగున బఠాణీగింజంత పీయూష గ్రంథి యున్నది. అది ప్రొలాక్టిన్ అను హార్మోనును స్రవించును. బాలెంతకు పాలు పడుట దీనివలననే. తక్కిన కాలమందు ప్రొలాక్టిన్ మితిమీరకుండ డోపమీన్ కళ్ళెము వేసియుండును. మందు ఆ కళ్ళెమును సడలించును. ప్రొలాక్టిన్ పెరిగినకొలది బీజకోశములను నడుపు హార్మోనులు తగ్గును. అప్పుడు స్త్రీ పురుషులిరువురిలోను కోరిక సన్నగిల్లును. పురుషులకు అంగస్తంభన లోపించును. స్త్రీలకు ముట్లు నిలిచిపోవును, ఒక్కొక్కప్పుడు కాన్పు లేకయే పాలు వచ్చును. ఏండ్ల తరబడి ఇట్లేయున్నచో ఎముకలు కూడ బలహీనపడవచ్చును.

అన్ని మందులును ఒక తీరున పనిచేయవు. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ప్రొలాక్టిన్‌ను హెచ్చుగా పెంచును. క్వెటియాపిన్ వలన పెరుగుదల స్వల్పము. అరిపిప్రజోల్ డోపమీన్ స్థానమును ఆక్రమించియు, దాని పనిని కొంత తానే చేయును. కనుక ప్రొలాక్టిన్ సాధారణముగా పెరుగదు.

ప్రొలాక్టిన్ ఒక్కటియే కారణము కాదు. మందువలని మగత, దిగులు, మధుమేహము, అసలు వ్యాధియు కారణములు కావచ్చును. కావున వైద్యుడు ముందుగా రక్తపరీక్ష చేయించును. పిదప మోతాదును క్రమముగా తగ్గించుటయో, మందును మార్చుటయో, అరిపిప్రజోల్‌ను కొలదిగా జోడించుటయో చేయును. స్తంభన లోపమునకు సిల్డెనాఫిల్ కొందరికి ఉపకరించును. అయితే గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారు దానిని ముట్టరాదు. రక్తపుపోటు ప్రమాదకరముగా పడిపోవును. ముట్లు నిలిచినవి గనుక గర్భము రాదని స్త్రీలు తలపరాదు. మందు మారిన పిమ్మట ముట్లు తిరిగి రాకమునుపే గర్భము నిలువవచ్చును.

ఈ మార్పులన్నియు వైద్యుని ఎదుట జరుగవలసినవే. మందును మానుటకు ముందు రోగి సిగ్గు విడిచి తన బాధను చెప్పవలెను. రోగి చెప్పువరకు ఆగక వైద్యుడే అడుగుట మరింత మేలు.