లంక పొగాకు: ఆకు పండేదాకా ఆగగల రైతు

గోదావరి పాయల మధ్య వరద మేటవేసిన ఒండ్రు దిబ్బలే లంకలు. వరద తగ్గిన పిదప ఆ నేలలో నాటే పొగాకుకు లంక పొగాకని పేరు. వర్జీనియా ఆకు సిగరెట్టుకు పోతే, ఇది చుట్టకు పోతుంది. ఆకు దళసరి, ఘాటు, సువాసన రెండూ అధికమే.

వర్జీనియాను బ్యారన్‌లో వేడితో క్యూరింగ్ చేస్తారు. లంక ఆకును పందిళ్ళలో గాలికి ఆరనిచ్చి, తరువాత మండెలు వేస్తారు. మండె లోపల వేడి పుట్టి, ఆకు పులిసి, పచ్చివాసన క్రమంగా తొలగిపోతుంది. మండెను వేళకు తిరగవేయకుంటే ఒకచోట ఆకు కమిలిపోతుంది, తేమ మిగిలినచోట బూజు పడుతుంది. అంటే ఈ ఆకుకు విలువ చేకూర్చేది నేల ఒక్కటే కాదు, ఓపిక కూడా.

ఆ ఓపికకే పెట్టుబడి కావాలి. తనిఖీకై ఒక లంకకు వెళ్ళినప్పుడు మండె ఎందుకు విప్పుతున్నారని ఒక పెద్దాయనను అడిగాను. "ఇంకో ఇరవై రోజులుంచితే ఆకు పండుతుందండి. కానీ ఇది నాటునాడే ఇంకొకరిదైపోయిందండి" అన్నారు. నాటుకు తెచ్చిన బయానాకు సరుకు ముందే కట్టుబడి ఉన్నది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు వేలం వర్జీనియాకు ఉద్దేశించినది. లంక రైతు బేరం వ్యాపారితో నేరుగానే.

కనుక రైతు సోదరులు ఋణం కోరునపుడు సాగు ఖర్చుతోపాటు కోత అనంతర ఖర్చును కూడా పేర్కొనాలి. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి లెక్కలో దానికి చోటున్నది. లంకల్లో కౌలుదారులు అనేకులు. వారికి ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం, భూయజమాని సమ్మతితో, 11 నెలల సాగు హక్కు పత్రానికి వీలు కల్పించింది. భూమి కాగితం లేదని బ్యాంకు గడప తొక్కకుండా వెనుదిరగవద్దు.

వ్యాపారులకూ ఒక మనవి. పచ్చి ఆకు తూకంలో ఎక్కువ, నిలువలో తక్కువ. పండిన ఆకుకు తగిన ధర ఇస్తే బూజు నష్టం మీకే తప్పుతుంది.

పొగాకు ఆరోగ్యానికి హానికరమన్నది నిర్వివాదం. చుట్ట కాల్చే తరమూ తరిగిపోతున్నది. కావున ఉన్న భూమినంతటినీ దీనికే అప్పగించక, కొంత కూరగాయలకో అరటికో కేటాయించడం వివేకం. సాగు చేసినంత మేరకు మాత్రం, మండె ఎప్పుడు విప్పాలో నిర్ణయించవలసినది ఆకు, అప్పు కాదు.