తిరగబెట్టునేమో అను భయము

రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగి, కీమో మోతాదులన్నియు ముగిసి, మనవారు కరెంటు పెట్టుట యని చెప్పుకొను రేడియేషను కూడ పూర్తియై, ఇక మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకొనిన చాలునని వైద్యుడు చీటీ వ్రాసి యిచ్చిన నాడు, ఇంటిల్లిపాదియు గండము గడచెనని ఊరట చెందుదురు, మ్రొక్కులు చెల్లింతురు, బంధువులు పండ్లు పట్టుకొని వచ్చి పలుకరించి పోవుదురు. ఆ స్త్రీకి మాత్రము అనేక పర్యాయములు ఆ నాటి నుండియే మఱియొక వ్యథ ప్రారంభమగును. చికిత్స సాగినన్నాళ్లు వ్యాధిపై ఏదో యొక ఔషధము పనిచేయుచున్నదన్న ధైర్యముండెను, సందేహము వచ్చిన అడుగుటకు నర్సులుండిరి, ప్రక్క మంచము మీద తనవంటిదే మఱియొకతె యుండెను. ఇప్పుడా సందడి యంతయు తొలగి, శరీరమును కనిపెట్టుకొని యుండు భారము తన యొక్కదాని మీదనే పడినట్లుండును. అమెరికా దేశమున ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అను వైద్యుడు, తానును క్యాన్సరు బారిన పడి కోలుకొనినవాడు, 1985లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ప్రకటించిన వ్యాసమున, చికిత్సానంతర కాలమును ఒక ప్రత్యేక దశగా గుర్తించి, ఆ దశను ఏలునది వ్యాధి తిరగబెట్టునేమో అను భయమే యని చెప్పెను.

భయపడుటకేమున్నదని తేలికగా అనువారు కలరు. ఉన్నది. 1889లో లండను నగరమున స్టీఫెన్ పేజెట్ అను శస్త్రవైద్యుడు, ఈ వ్యాధితో మరణించిన 735 మంది స్త్రీల వివరములను పరిశీలించి, రోగబీజములు దేహమంతటను చల్లబడినను తమకు అనుకూలమైన నేల దొరికిన అవయవములందే మొలకెత్తునని సిద్ధాంతీకరించెను. గడ్డను, చంకలోని గ్రంథులను నిపుణముగా తొలగించినను, అంతకు పూర్వమే విడివడి పోయిన కొన్ని కణములు ఎముక మజ్జ వంటి చోట్ల విభజన చెందక, నిద్రాణములై, సంవత్సరముల తరబడి నిలిచియుండగలవని నేటి శాస్త్రము గ్రహించినది. శస్త్రచికిత్సతో ఆగక కీమోయు, ఏండ్ల తరబడి హార్మోను మాత్రలును ఇచ్చుట ఇట్టి కణములను ఉద్దేశించియే. ఐనను అట్టి కణములు మజ్జలో కనబడినవారిలోనే అనేకులకు వ్యాధి తిరిగి రానే రాదన్నది కూడ అంతే సత్యము.

ముప్పు అందఱికిని ఒక తీరున నుండదు. ట్రిపుల్ నెగెటివ్ అను రకమున అది తొలి మూడేండ్లలో అధికముగ నుండి, ఐదేండ్లు దాటిన పిదప బాగుగ తగ్గిపోవును. ఈస్ట్రోజెను గ్రాహకములు గల రకమున ముప్పు తొలుత తక్కువయే గాని, పలుచగా, దీర్ఘకాలము సాగును. ఐదేండ్లు హార్మోను చికిత్స పొంది, అప్పటికి నిరోగులై యున్న 62,923 మంది స్త్రీల వృత్తాంతములను క్రోడీకరించిన పరిశోధనయొకటి 2017లో వెలువడినది: ఆ ఐదవ ఏటి నుండి ఇరువదవ ఏటి వఱకు దూరపు అవయవములలో వ్యాధి కనబడుటకు గల అవకాశము, గడ్డ చిన్నదై గ్రంథులకు సోకనివారిలో నూటికి 13, గడ్డ పెద్దదై నాలుగు నుండి తొమ్మిది గ్రంథులకు సోకినవారిలో నూటికి 41. వీరు గడచిన దశాబ్దములలో చికిత్స పొందినవారు. నేటి ఔషధములు అంతకంటె మేలైనవి. అయినను తొలి వర్గమునకు చెందిన స్త్రీ అడుగు ప్రశ్న యొకటే: నేను ఆ పదముగ్గురిలో ఉన్నానా, మిగిలిన ఎనుబదియేడుగురిలో ఉన్నానా? అంకెలు సమూహమునకు చెందినవి గావున ఏ వైద్యుడును దీనికి సమాధానము చెప్పలేడు. ఈ భయమునకు మూలము అపాయము యొక్క పరిమాణము కాదు, తెలియమి. ముప్పు మిక్కిలి స్వల్పమైన వారును తీవ్రముగా భయపడుట పరిశోధకులు పలుమాఱులు చూచియున్నారు. ఆ తెలియమిని ఎట్లైన రూపుమాపవలెనని ఆమె చేయు ప్రయత్నములే దానిని పెంచుచుండుట ఈ వ్యథలోని విషాదము.

వేదాంతులు రజ్జుసర్పభ్రాంతిని అజ్ఞానమునకు ఉదాహరణముగా చెప్పుదురు. జీవశాస్త్రదృష్టితో చూచినచో అది ఆత్మరక్షణోపాయము: త్రాటిని పామని తలచి ఎగిరి దూకినవానికి పోవునది స్వల్పము, పామును త్రాడని తలచినవానికి ప్రాణమే పోవును. మెదడులో అమిగ్డలా అను చిన్న భాగము ఆలోచనకు పూర్వమే ఇట్టి హెచ్చరికను లేపగలదు. నొప్పి యైనను లేక, పైకి తెలియక, ఒకనాడు గడ్డను దాచియుంచిన దేహమును ఆ కావలి ఇక నమ్మదు. నడుము పట్టివేసినచో వెన్నెముకకు ప్రాకినదనియు, తలనొప్పి వచ్చినచో మెదడునకు ఎక్కినదనియు అది అఱచును. ఇందుకు తోడు చికిత్సయే అనేక బాధలను మిగిల్చి పోవును. ముట్లుడిగిన స్త్రీలకు ఏండ్ల తరబడి ఇచ్చు లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రల వలన కీళ్లలో, ఎముకలలో నొప్పులు పుట్టుట సర్వసాధారణము. చంకలో నరములు తెగిన చోట తిమ్మిరియు, సూదులతో పొడిచినట్లు పోట్లును నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు ఉండును. మాత్రల చీటీ వ్రాయునపుడే ఈ సంగతి విడమరచి చెప్పుట ఏ మందునకును తీసిపోని చికిత్స యని నా విశ్వాసము. ఆ మాట చెప్పువారు లేక, మోకాలి నొప్పిని ఎముకల క్యాన్సరుగా భావించి తెల్లవార్లు మేలుకొని యున్న తల్లులెందఱో!

ఇక తడిమి చూచుకొనుట. నెలకొకసారి కుట్ల వెంబడి, రెండవ రొమ్మును, చంకలను చూచుకొనుట వివేకము. స్నానమునకు పోయినప్పుడెల్ల, రాత్రి మెలకువ వచ్చినప్పుడెల్ల చూచుకొనుట వేఱు. 2003లో హాలండు దేశపు మనోవిజ్ఞానులు వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనువారు, కంప్యూటరు తెర మీద గ్యాసు పొయ్యిని ఆర్పి, ఆరినదా లేదా యని మాటిమాటికి పరీక్షించు పనిని ఆరోగ్యవంతులకు అప్పగించిరి. పలుమాఱులు పరీక్షించినవారి జ్ఞాపకము చెడలేదు. తమ జ్ఞాపకము మీది నమ్మకము మాత్రము చెడెను. పదే పదే చూచుట వలన నిశ్చయము పెరుగదు, సందేహమే పెరుగును. రొమ్ము విషయమున మఱియొక చిక్కు గలదు: అదే చోట నొక్కుచున్నచో అచ్చట సలుపు పుట్టును, ఆ సలుపే క్రొత్త అనుమానమునకు బీజమగును.

పరీక్షల గతియు నిట్టిదే. ఏ లక్షణమును లేకున్నను ఏటేట ఎముకల స్కాను, పెట్ స్కాను, సీఏ 15-3 వంటి రక్తపరీక్షలు చేయించిన వ్యాధిని ముందుగా పట్టి ప్రాణము నిలుపుకొనవచ్చునని తోచుట సహజము. ఇటలీలో 1,320 మంది స్త్రీలను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు వైద్యపరీక్షయు మామోగ్రామును మాత్రమే చేసి, రెండవ వర్గమునకు వానితో పాటు ఎక్స్‌రేలు, ఎముకల స్కానులు, కాలేయపు అల్ట్రాసౌండు క్రమముగా చేయుచు వచ్చిరి. 1994లో ఫలితములు ప్రకటించునప్పటికి ఇరువర్గముల ఆయుర్దాయములో భేదము కనబడలేదు. అందువలననే లక్షణములు లేనివారికి, తొలి మూడేండ్లు మూడు నుండి ఆరు నెలలకొకసారి వైద్యుని దర్శనమును, ఏటికొక మామోగ్రామును చాలునని నేటికిని మార్గదర్శకములు చెప్పుచున్నవి. తక్కువ పరీక్షలు వ్రాసిన వైద్యుడు తన్ను ఉపేక్షించుచున్నాడని రోగి అనుకొనుట న్యాయము కాదు. మంచి రిపోర్టు తెచ్చు ఊరట కొన్ని దినములలో కరగిపోవును, దాని వెంట మఱియొక పరీక్షపై ఆశ పుట్టును.

చూచుకొనుట ఒక అంచు. తలవనే తలవకుండుట మఱియొక అంచు. మన యిండ్లలో ఈ రెండవదానికి గట్టి బలము కలదు. ఆమె నోరు విప్పి, మళ్లీ వచ్చినచో పిల్లల గతి ఏమని అనబోయిన వెంటనే, అత్తగారో అక్కగారో "అట్టి మాట నోట రానీయకమ్మా, తథాస్తు దేవతలుందురు" అని వారింతురు. ఆ మాటలో ప్రేమయే యున్నది, కాదనను. కాని దాని ఫలితముగా ఆ తలపు నోటి నుండి మనసులోనికి నెట్టబడునే గాని పోదు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటిని తలపకుడని విద్యార్థులకు చెప్పి చూడగా, అణచిన ఆ తలపు వారిని విడువకపోవుటయే గాక, అటుపిమ్మట తలపవచ్చునని అనుమతించినప్పుడు మఱింత తఱచుగా వచ్చెను. దిగులుపడుటయే వ్యాధిని తిరిగి తెచ్చునని కొందఱు భయపెట్టుదురు; అప్పుడామెకు భయమును గూర్చి కూడ భయము పట్టుకొనును. లండనులో రొమ్ము క్యాన్సరు స్త్రీలను ఐదేండ్లు అనుసరించి 2002లో ప్రకటించిన పరిశోధనలో, తీవ్రమైన జీవనక్లేశములు వ్యాధి తిరగబెట్టుటను హెచ్చించినట్లు కనబడలేదు. ఏడ్చినంత మాత్రమున క్యాన్సరు రాదని ప్రతి యింటను తెలియవలసి యున్నది.

ఈ భయమును శాస్త్రీయముగా కొలుచుటకు 2009లో కెనడాలోని క్విబెక్ పరిశోధకులు సిమార్డ్, సావర్డ్ 42 ప్రశ్నల పట్టికను రచించిరి. సిమార్డ్ ప్రభృతులే 2013లో నూటముప్పది అధ్యయనములను సమీక్షించి, ఈ భయము కాలము గడచినంత మాత్రమున తగ్గిపోదనియు, చిన్నవయస్సువారిలో అధికమనియు తేల్చిరి. పాశ్చాత్య దేశములలో కంటె మన దేశమున ఈ వ్యాధి తక్కువ వయస్సుననే కనబడుచుండుటను బట్టి, చంటిబిడ్డల తల్లులు, బడికి పోవు పిల్లల తల్లులు ఈ వ్యథను ఎంతగా మోయుచున్నారో ఊహింపవచ్చును.

చికిత్స కలదు. ఆస్ట్రేలియాలో ఫిలిస్ బ్యుటో మొదలగువారు 222 మందిపై పరీక్షించి 2017లో ప్రకటించిన పద్ధతిలో, పది వారములలో ఐదు పర్యాయములు శిక్షణ పొందిన నిపుణులు రోగితో కూర్చుందురు. భయమును నిర్మూలింతుమని వారు చెప్పరు. దృష్టిని ఇచ్చవచ్చినట్లు త్రిప్పుట నేర్పుదురు: పంకా చప్పుడును కొంతసేపు, వీధిలో కూరలవాని కేకను కొంతసేపు, పొరుగింటి కుక్కరు ఈలను కొంతసేపు విని, పిదప అన్నిటిని ఒక్కసారిగా వినుట. ఇట్లు అభ్యసించినచో భయము పిలిచినంతనే దృష్టి పరుగెత్తి పోదు. చింతించుచుండుట తన్ను కాపాడుచున్నదను విశ్వాసము నిజమా యని తర్కింపజేయుదురు. ఎప్పుడు, ఎన్నిమాఱులు తడిమి చూచుకొనవలెనో నియమము ఏర్పఱుతురు. తనకు ప్రియమైన పనులను, మానుకొనిన ప్రయాణములను, వాయిదా వేసిన పెండ్లిపేరంటములను మరల చేపట్టింతురు. కేవలము విశ్రాంతి మెలకువలు నేర్చినవారి కంటె వీరి భయము ఎక్కువగా తగ్గెను. ఇట్టి చికిత్సల ప్రభావము మొత్తము మీద పరిమితమే యని 2019 నాటి సమీక్ష చెప్పుచున్నది. ఐనను రాత్రి నిద్ర పట్టువానికి, పట్టనివానికి గల అంతరము స్వల్పమని నేననజాలను.

నిపుణులు దొరకని చోట గూడ చేయదగినవి కలవు. దినమున ఒక అరగంటను చింతకు కేటాయించి, తక్కిన వేళల వచ్చిన తలపును ఆ గడియకు వాయిదా వేయు పద్ధతి 1983లో బోర్కోవెక్ పరీక్షించినది, నేటికిని ఉపయోగకరము. చెకప్పు నాడు హైదరాబాదునకో విశాఖపట్టణమునకో బస్సెక్కుటకు ముందే సందేహములన్నియు కాగితము మీద వ్రాసికొనుట, తోడు పోవువారు "నీకేమీ కాదులే" అను మాటకు బదులు "దేనికి భయపడుచున్నావు, చెప్పు" అని అడుగుట మేలు. కుట్ల మీదగాని, చంకలోగాని క్రొత్త గడ్డ, రెండు మూడు వారములైనను తగ్గక హెచ్చుచున్న ఎముకల నొప్పి, విడువని దగ్గు, ఆయాసము, కారణము లేని చిక్కుట, కామెర్లు కనబడినచో తర్వాతి తేదీ వఱకు ఆగక వైద్యుని వద్దకు పోవలెను. తక్కిన చిన్ననొప్పులను వారము రెండు వారములు గమనింపవచ్చును. భయము చేత మామోగ్రామునకే పోవుట మానినవారును, నిద్రాహారములు కోల్పోయినవారును తమ క్యాన్సరు వైద్యునితోనే ఆ సంగతి చెప్పి మానసిక నిపుణుని సహాయము కోరవలెను. ఆ పాటి దూరమైన పోలేనివారికి, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసిన, తెలుగులోనే, రేయింబవళ్లు, ఉచితముగా లభించును.