మరపడవ మీద కళాసీ

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మన తూర్పు తీరమున మరపడవలతో చేపలవేట నిషేధింపబడి యుండును. ఆ గడువు తీరగానే విశాఖపట్టణపు చేపల రేవులో సందడి మొదలగును. డీజిలు, మంచినీరు, బియ్యము, టన్నుల కొలది మంచుగడ్డ పడవల కెక్కును. ఒక్కొక్క పడవలో ఆరుగురు మొదలు ఎనమండుగురు దాక ఉందురు. అందు డ్రైవరు పోగా మిగిలినవారే కళాసీలు. వల విడుచుట, లాగుట, చేపల నేరుట, ఐసులో పేర్చుట, వంట, చిరిగిన వల అల్లుట, ఇవన్నియు వారి పనులే.

క్రొత్తగా చేరిన కుర్రవానికి పెద్ద కళాసీ మొదట నేర్పునది పని కాదు, కొన్ని నిషేధములు. తాడుచుట్టలో కాలు పెట్టకు. లాగుడుమీద నున్న తీగ వంపులో నిలువకు. అలలు పెద్దవైనప్పుడు వలసంచిని ఎత్తవద్దు. మూతవేసి యుంచిన గదిలోనికి ఒంటరిగా దిగకు. ఎందుకని అడిగినచో “పోతావురా” అను సమాధానమే వచ్చును. ఆ కారణములు మన ఉన్నత పాఠశాల భౌతిక రసాయన శాస్త్రములలోనే కలవు.

ముందు వల సంగతి చూతము. ట్రాలు వల పెద్ద గరాటు వంటిది. దాని తోక చివర చేపలు చేరు సంచి యుండును. నోటి పై అంచునకు తేలు బుడ్లు, క్రింది అంచునకు బరువులు కట్టుటచే నోరు నిలువుగా తెరచుకొనును. మరి అడ్డముగా తెరచుట ఎట్లు? ఇందుకై వలకు ఇరువైపుల రెండు బరువైన పలకలను కొంచెము ఏటవాలుగా కట్టుదురు. గాలిలో గాలిపటము ఎట్లు పైకి లేచునో, నీటిలో ఈ పలకలు అట్లే ప్రక్కలకు తొలగిపోవును. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. 19వ శతాబ్దపు చివరి దశాబ్దములో బ్రిటనులో ఈ ఉపాయము వాడుకలోనికి వచ్చినది. పడవ గంటకు నాలుగైదు కిలోమీటర్లు, అనగా మనిషి వడిగా నడచునంత వేగముతో, ఈ వలను రెండు మూడు గంటల సేపు ఈడ్చుకొని పోవును. నీటి లోతునకు మూడు నుండి ఐదు రెట్ల పొడవు తీగ విడువవలెను.

పలకలు నీటిలో పడినప్పుడు తాడు బుసకొట్టుచు పరుగెత్తును. ఆ చుట్టలో కాలున్న మనిషి ఒకటి రెండు సెకనులలో పడవ మీద నుండడు. ఇందు వివరింపవలసిన దేమియు లేదు.

తీగ వంపు సంగతి మాత్రము కొంత ఆలోచింపదగినది. వించి నుండి వచ్చు తీగ కప్పీ మీదుగా మలుపు తిరిగి సముద్రములోనికి పోవును. మలుపు లంబకోణమైనచో, తీగలోని తన్యత 10,000 న్యూటన్లు అనుకొన్నను, ఆ కప్పీని పట్టియుంచిన గొలుసు మీద 14,000 న్యూటన్లకు పైగా బలము పడును; రెండు బలముల ఫలితము కనుక. ఆ గొలుసు తెగెనా, వంగియున్న తీగ వింటినారివలె ఒక్క క్షణములో సరళరేఖ యగును. వంపునకు లోపల నిలిచినవానిని అది ఊడ్చివేయును. మన పాఠ్యపుస్తకములలోని కప్పీ ఎప్పుడును కదలని దూలమునకే వ్రేలాడును; పడవ మీది కప్పీకి ఆ భాగ్యము లేదు.

తాడే తెగినచో? సాగిన తాడులో నిలువయైన శక్తి, బలము సాగుదలల లబ్ధములో సుమారు సగము. పది మీటర్ల నైలాను తాడు 10,000 న్యూటన్ల బలమునకు రెండు మీటర్లు సాగిన దనుకొందము. నిలువయైన శక్తి 10,000 జౌళ్లు. అనగా 50 కిలోల బస్తా 20 మీటర్ల ఎత్తునుండి పడిన దానికి సమానము. అంతే పొడవు ఉక్కుతీగ అంత సాగదు కనుక దానిలో నిలువయగు శక్తి మిక్కిలి తక్కువ. నైలాను మెత్తనిదని నమ్మువాడు మోసపోవుట ఇందుకే.

ఇక వలసంచి. అది నీటిలో నున్నంతసేపు దాని బరువును చాలవరకు నీరే మోయును. పైకి లేచిన మరుక్షణమే బరువంతయు పైచట్రములోని కప్పీ వద్ద పనిచేయును. సంచి ఎంత క్రిందికి వ్రేలాడినను సరే, పడవకు సంబంధించినంతవరకు ఆ బరువు కప్పీ వద్ద నున్నట్లే లెక్క. 20 టన్నుల పడవలో గరిమనాభికి నాలుగు మీటర్ల ఎత్తున కప్పీ యున్నదనియు, సంచి అరటన్ను బరువనియు అనుకొందము. పడవ గరిమనాభి దాదాపు 10 సెంటీమీటర్లు పైకి జరుగును. ఇది స్వల్పమని తోచును. కాని ఒరిగిన పడవ తిరిగి లేచుటకు ఆధారము గరిమనాభికిని, దానిపైన మెటాసెంటరు అను బిందువునకును గల ఎడమే. పెద్ద చేపల ఓడలకు సైతము అంతర్జాతీయ ప్రమాణములు కోరు కనీసపు ఎడము 35 సెంటీమీటర్లు. అందులో 10 పోవుట సామాన్యము కాదు. పైగా సంచి ఊగును. సంచి విప్పగానే చేపలు నీరువలె ఒరిగినవైపే జారిపోవును. డెక్కు మీద అడ్డుపలకలతో అరలు కట్టుట ఇందుకే. నీరు పోవు తూములకు చేపలు అడ్డుపడకుండ కళాసీ కాలితో త్రోయుచుండుట చూచువారికి నిర్లక్ష్యముగా తోచును, కాని అది పడవను నిలుపు పని.

ఏరిన చేప ఐసుగదికి చేరును. 28 డిగ్రీల వేడిగల కిలో చేపను సున్నకు దింపుటకు సుమారు 22 కిలోకెలోరీలు తీయవలెను. కిలో మంచుగడ్డ కరగుటలో 80 కిలోకెలోరీలు పీల్చును. లెక్కకు పావుకిలోకు కొంచె మెక్కువ చాలును. అయినను కిలోకు కిలో వేయుదురు. గోడలగుండ వచ్చు వేడిమికి, ప్రయాణపు దినములకు మిగిలినది ఖర్చు. గడ్డను నలుగగొట్టి వేసిననే చేపను అంతట అంటును. కరగిన నీరు రక్తమును, జిగురును కడిగివేయును. సూర, కానాగడత చేపల విషయములో ఆలస్యము కూడదు. ఎండలో విడిచినచో సూక్ష్మజీవులు వాటి మాంసమునందు హిస్టమిను అను పదార్థమును పుట్టించును. అది వండినను పోదు.

నాలుగవ నిషేధము ఈ గదిని గూర్చినదే. ఐసు కరగిపోయి, అడుగున మిగిలిన చేపలు క్రుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడుకొనును. గంధకముగల ఆమైనో ఆమ్లములనుండి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడును. దాని అణుభారము 34, గాలి సగటు 29. కనుక అది అడుగుననే నిలుచును. స్వల్పముగా నున్నప్పుడు క్రుళ్ళిన గ్రుడ్డు వాసన. ఎక్కువైనచో ముక్కు మొద్దుబారి వాసనయే తెలియదు. వాసన తగ్గినదని దిగినవాడు కూలును; వానిని చూచి తమ్ముడో బావమరిదియో దిగును. ఇట్టి ప్రమాదములలో ఒక్కరితో పోవుట అరుదు.

మూత తెరచి, పంకాతో అడుగుదాక క్రొత్తగాలి చాలసేపు పంపి, నడుమునకు తాడు కట్టుకొని ఒకడు దిగవలెను. పైన నిలిచినవాడు తాడు విడువరాదు. క్రింద నున్నవాడు పిలుపునకు పలుకకున్నచో తాను దిగక, తాడే లాగవలెను.