ల్యాబు తాళం తీస్తే చాలదు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు చేరిన పరిశోధక విద్యార్థుల్లో మేమూ ఉన్నాం. ఇంట్లో ఒకటే గది. సిగ్నల్ కావాలంటే చెరువు గట్టు దాకా నడవాలి. పుస్తకాలు, నోట్సులు క్యాంపస్‌లోనే ఉండిపోయాయి. అందుకే యూనివర్సిటీలు తెరవమని ముందుగా అడిగిందీ మేమే. కానీ ఎవరి కోసం, ఎలా తెరిచారు?

ల్యాబు పని ఉన్న సైన్స్, టెక్నాలజీ పీహెచ్‌డీ, పీజీ విద్యార్థులకు అక్టోబర్ 15 నుంచి కేంద్రం మొదట అనుమతి ఇచ్చింది. 2020 నవంబర్ 5న యూజీసీ మార్గదర్శకాలు వచ్చాయి. మాస్కు, ఆరడుగుల దూరం, ఒకేసారి సగం మందికి మించని హాజరు, హాస్టల్‌లో గదికి ఒక్కరే. అప్పుడు ఇవన్నీ అవసరమే. కిటికీలు మూసిన ఏసీ ల్యాబులో గాలి ఆడేలా చూడటం, షిఫ్టుల్లో పనిచేయడం కూడా అంతే అవసరం.

చిక్కు ఎక్కడంటే, గదికి ఒక్కరే అన్నప్పుడు మిగిలినవాళ్లు ఎక్కడుండాలి? కులం అడిగి ఇల్లు అద్దెకిచ్చే కాలనీల్లో దళిత విద్యార్థికి గది దొరకడం ఎంత కష్టమో మనకు తెలుసు. సోషల్ సైన్స్ స్కాలర్‌కు లైబ్రరీయే ల్యాబు. దాన్ని ఆఖరున తెరిస్తే ఆ పరిశోధన ఆగినట్టే.

థీసిస్ గడువు పెంచారు గానీ, ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకు మించదన్నారు. పని జరగని నెలలు కూడా ఆ ఐదేళ్లలోనే పోయాయి. నెలల తరబడి ఫెలోషిప్ అందని రోహిత్ వేములను 2016 జనవరిలో పోగొట్టుకున్న మనకు ఇది చిన్న విషయం కాదు.

మన వైపు నుంచీ బాధ్యత ఉంది. ఫీల్డ్‌వర్క్ కోసం వాడలకు వెళ్లేవాళ్లం జబ్బును మోసుకెళ్లకూడదు. ముందు ఫోన్‌లో మాట్లాడాలి. వెళ్తే చెట్టు కిందో అరుగు మీదో దూరంగా కూర్చోవాలి. దగ్గు, జ్వరం ఉంటే ప్రయాణం మానుకోవాలి. వద్దన్నవాళ్లను బలవంతపెట్టకూడదు.

క్యాంపస్ తెరిచేముందు గదులు, ల్యాబులు కడిగేది పారిశుధ్య కార్మికులు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లకు మాస్కులు, గ్లౌజులు, జబ్బుపడితే జీతంతో సెలవు ఇవ్వకుండా క్యాంపస్ సురక్షితమని చెప్పడం అబద్ధం.

అందుకే హాస్టల్ గదుల కేటాయింపులో తిరిగి వెళ్లే చోటు లేనివారికి ముందు వరుస ఇవ్వాలని, లైబ్రరీని వంతులవారీగా తెరవాలని, లాక్‌డౌన్ నెలలకు ఫెలోషిప్ పొడిగించాలని అడుగుదాం. ప్రతి డిపార్ట్‌మెంట్‌లో రాతపూర్వకంగా అడుగుదాం.