కమిషను దిగిన వారికి సర్కారు కొలువు లేదు

ఒక తల్లి మిరప కోతకు పోతుంది. రోజు కూలిలో కొంత దాచి కూతుర్ని డిగ్రీ చదివించింది. ఇప్పుడా పిల్ల గ్రూప్-2 పరీక్షకు చదువుతోంది. కోచింగు ఫీజు కోసం చెవి కమ్మలు కుదువ పెట్టారు.

“పెద్దోళ్ల అండ లేకుండా మనకు ఉద్యోగం వస్తదా?” అని తల్లి అడిగింది.

“పరీక్ష పెట్టేది మంత్రి కాదమ్మా, కమిషను” అంది కూతురు.

“మరి ఆ కమిషనులో మనుషుల్ని పెట్టేదెవరు?”

తల్లి అడిగింది గట్టి ప్రశ్నే.

ఆ కమిషను పేరు పబ్లిక్ సర్వీస్ కమిషన్. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటి ఉన్నాయి. దేశం మొత్తానికి ఢిల్లీలో ఒకటి ఉంది. డిప్యూటీ కలెక్టరు వంటి పెద్ద ఉద్యోగాలకూ, ఆఫీసుల్లో మరెన్నో ఉద్యోగాలకూ పరీక్ష పెట్టి, ఎవరిని తీసుకోవాలో చెప్పేది ఇదే. (అంగన్‌వాడీ టీచరు, పోలీసు కానిస్టేబులు ఉద్యోగాలకు దారి వేరు.)

రాష్ట్ర కమిషనులో ఛైర్మన్, సభ్యులు ఉంటారు. గవర్నరు పేరు మీద వారిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. పదవి ఆరేళ్లు. ఈలోగా 62 ఏళ్లు నిండితే అప్పుడే దిగిపోవాలి. పెట్టేది ప్రభుత్వమే అయినా, కోపం వచ్చిందని తీసేసే హక్కు దానికి లేదు. తప్పుడు పని చేశారని తీసేయాలంటే ముందు సుప్రీంకోర్టు విచారణ జరపాలి. ఆ తర్వాత రాష్ట్రపతే తీసేయాలి.

అంటే భయపెట్టడానికి వీల్లేదు. సరే, ఆశ పెడితే?

ఒక సభ్యుడికి ఇంకో ఏడాదిలో పదవి అయిపోతుంది అనుకుందాం. పెద్దాయన ఒకరి దగ్గర్నుంచి చీటీ వస్తుంది. ‘ఈ నంబరు మనవాడిది, కాస్త చూడండి. మీరు దిగాక మీకూ ఒక మంచి కొలువు చూద్దాం.’ ఆ చీటీ మాట చెల్లితే కూలి తల్లి కూతురి మార్కులు ఏమైపోతాయి?

అందుకే రాజ్యాంగం ముందే తలుపుకు గడియ పెట్టింది. దాన్ని 319వ అధికరణం అంటారు. కమిషనులో పని చేసి దిగిన వారికి కేంద్రంలో గానీ, ఏ రాష్ట్రంలో గానీ మళ్లీ సర్కారు కొలువు ఇవ్వకూడదు. అదే కుర్చీలో రెండోసారి కూర్చోబెట్టడానికీ వీల్లేదు.

పై మెట్టు మాత్రం ఎక్కవచ్చు. రాష్ట్ర కమిషను సభ్యులు అదే కమిషనుకో, వేరే రాష్ట్ర కమిషనుకో ఛైర్మన్ కావచ్చు. ఢిల్లీ కమిషనుకూ పోవచ్చు. ఇదీ ఒక ఆశే కదా అంటే, అవును, కొంత ఆశే. ఢిల్లీ కమిషను ఛైర్మన్‌కు ఆ మెట్టు కూడా లేదు. ఇక ప్రైవేటు కంపెనీలో చేరితే ఈ నిబంధన ఎవర్నీ ఆపదు.

గడియకు సందు ఉందా అని కోర్టుల్లో వాదనలు జరిగాయి. రఘుకుల్ తిలక్ ఒకప్పుడు రాజస్థాన్ కమిషనులో సభ్యుడు. 1977లో ఆయన్ను ఆ రాష్ట్రానికే గవర్నరును చేశారు. ఇది చెల్లదని కేసు పడింది. గవర్నరు ప్రభుత్వం కింద పనిచేసే నౌకరు కాదు, అది రాజ్యాంగ పదవి, కాబట్టి తప్పు లేదని 1979లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం మాట ప్రకారం తీర్పు సరైనదే. కానీ కొలువు ఆశ చూపకూడదన్నప్పుడు, అంతకన్నా పెద్ద పదవి ఆశ చూపవచ్చా అన్న అనుమానం సామాన్యులకు తీరదు.

ఫోన్ కంపెనీలను అదుపులో పెట్టే ట్రాయ్ అనే సంస్థలోనూ ఇలాంటి కట్టడే ఉండేది. దిగిన వారికి సర్కారు ఉద్యోగం లేదని చట్టంలో రాశారు. 2014 మే నెలలో ఆ సంస్థ పాత ఛైర్మన్ నృపేంద్ర మిశ్రాను ప్రధానమంత్రి ఆఫీసులో పెద్ద అధికారిగా తీసుకోవాలనుకున్నారు. చట్టం అడ్డొచ్చింది. వెంటనే ఆర్డినెన్సు తెచ్చి చట్టాన్నే మార్చారు. తర్వాత పార్లమెంటు కూడా ఒప్పుకుంది. ఇప్పుడు ఆ కట్టడి రెండేళ్లే. ఆ రెండేళ్లలో కూడా కేంద్రం అనుమతిస్తే చేరవచ్చు.

పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు పెట్టిన గడియను అంత తేలిగ్గా తీయలేరు. అది రాజ్యాంగంలో ఉంది, ఆర్డినెన్సుకు లొంగదు. మార్చాలంటే పార్లమెంటు రెండు సభల్లోనూ ఓటేసిన వారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి.