పెరుగన్నం తింటే మనసు చల్లబడుతుందా?

పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుందనీ, పెరుగైతే హాయిగా ఉంటుందనీ చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఈమధ్య పెరుగు మెదడుకీ మంచిదన్న మాట గట్టిగా వినిపిస్తోంది. కడుపు సంగతి ముమ్మాటికీ నిజం. మెదడు సంగతిలో కొంత నిజం ఉంది, కొంత తొందరపాటూ ఉంది.

పాలు కొందరికి ఎందుకు పడవు? పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. వంద మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములుంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము, లాక్టేజ్, చిన్నపేగు గోడల్లో తయారవుతుంది. చంటిపిల్లల్లో అది పుష్కలం. పాలు మాన్పించాక, ప్రపంచంలో ఎక్కువమందికి మెల్లగా తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు, ఒంటి తీరే అంత. పెద్దయినా లాక్టేజ్ తగ్గని జన్యులక్షణం మనదేశంలో వాయవ్య ప్రాంతాల వారిలో ఎక్కువ, దక్షిణాదివారిలో తక్కువ. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి నీటిని లాగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తాయి. ఉబ్బరం, గుడగుడ, విరేచనాలు అందుకే. అయినా ఒక గ్లాసు వరకూ ఏ ఇబ్బందీ లేకుండా తాగగలిగేవాళ్లే చాలామంది. ఒకసారి కడుపు నొచ్చిందని పాలను జీవితాంతం మానెయ్యనక్కర్లేదు.

మరి పెరుగెలా పడుతుంది? తోడు వేసిన పాలలో బ్యాక్టీరియా రాత్రంతా కొంత లాక్టోజ్‌ను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగు పులుపు అదే. కానీ తోడుకున్నాక కూడా పెరుగులో లాక్టోజ్ చాలానే మిగులుతుంది. అసలు కిటుకు మనం తిన్న తర్వాత జరుగుతుంది. ఆ బ్యాక్టీరియా కణాల్లో లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైము ఉంటుంది. చిక్కటి పెరుగు జీర్ణాశయంలోని ఆమ్లం ధాటిని కాస్త తగ్గించి దాన్ని కాపాడుతుంది. చిన్నపేగులో పైత్యరసం తగలగానే కణాలు పగిలి ఎంజైము బయటపడి, మిగిలిన లాక్టోజ్ పని పడుతుంది. మన పేగు చెయ్యలేని పనిని పెరుగులోని సూక్ష్మజీవులు చేసిపెడతాయన్నమాట. మేలుచేసే బ్యాక్టీరియా అంటూ సాగే ప్రోబయాటిక్ ప్రచారాలను ఎన్నింటినో తోసిపుచ్చిన ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా 2010లో ఈ ఒక్క ప్రయోజనాన్ని ఒప్పుకుంది.

కాబట్టి బ్యాక్టీరియా బతికుండాలి. మజ్జిగపులుసు కాగితే అది చచ్చిపోతుంది. రుచీ కాల్షియమూ ఎక్కడికీ పోవు గానీ ఈ సాయం అందదు. పెరుగన్నానికి అన్నం చల్లారాకే పెరుగు కలపడం మంచి అలవాటు.

ఇక మెదడు. పేగులకూ మెదడుకూ మధ్య వేగస్ అనే నరం ఉంది. దానిలోని పోగుల్లో దాదాపు 80 శాతం కడుపు కబుర్లను పైకి చేరవేసేవే. 2011లో ఐర్లండులోని కార్క్ శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక రకం లాక్టోబాసిల్లస్‌ను తినిపిస్తే వాటి బెదురు తగ్గింది. వేగస్ నరాన్ని కత్తిరించిన ఎలుకల్లో ఆ ఫలితం కనిపించలేదు. దారి ఉందనడానికి ఇది గట్టి ఆధారం, కాకపోతే ఎలుకల్లో. 2013లో లాస్ ఏంజెలెస్‌లో ఆరోగ్యవంతులైన స్త్రీలకు నాలుగు వారాలపాటు రోజుకు రెండుసార్లు ప్రోబయాటిక్ కలిపిన పులిసిన పాలు ఇచ్చారు. భయపడ్డ ముఖాలు, కోపపు ముఖాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, భావోద్వేగాలకు సంబంధించిన భాగాల స్పందన తగ్గింది. స్కానులో స్పందన మారిందంటే మనసు తేలికపడిందని అర్థం కాదు. పరిశోధన ఖర్చు భరించింది పాల ఉత్పత్తులు అమ్మే డానోన్ కంపెనీ అని కూడా గుర్తుంచుకోవాలి. పైగా వాళ్లిచ్చిన బ్యాక్టీరియా రకాలే మన ఇంటి పెరుగులోనూ ఉంటాయన్న భరోసా లేదు. మనసు తీరుతో సంబంధమున్న సెరోటోనిన్ అనే రసాయనం సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్న మాట నిజమే, కానీ అది రక్తం నుంచి నేరుగా మెదడులోకి వెళ్లలేదు. అందుకని పెరుగును దిగులుకు మందుగా చెప్పడం తప్పు. డాక్టరు రాసిచ్చిన మందులు మానేసి పెరుగును నమ్ముకుంటే ప్రమాదం కూడా.

పాలకూ మెదడుకూ తిరుగులేని సంబంధం మాత్రం ఒకటుంది. దాని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ: విటమిన్ బీ12. నరాల పైపొరకు అది తప్పనిసరి. తగ్గితే అరికాళ్లు మొద్దుబారతాయి, మతిమరుపు వస్తుంది, మనసు కుంగుతుంది. దీన్ని మొక్కలు తయారుచేయవు, ఆవు, గేదె కడుపులోని సూక్ష్మజీవులు చేస్తాయి. అక్కణ్ణుంచి పాలలోకి వస్తుంది. మాంసం, చేప, గుడ్డు ముట్టనివాళ్లకు పాలూ పెరుగే ప్రధానమైన ఆధారం. రోజుకు కావలసింది 2 మైక్రోగ్రాములకు కాస్త పైన. గ్లాసు పాలలో ఉండేది సుమారు 1. నీళ్లమజ్జిగ దాహానికి బాగుంటుంది గానీ ఈ లెక్కలోకి పెద్దగా రాదు.

షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బీ12 ఒంటబట్టడం తగ్గుతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఆ మాత్ర మీదే ఉన్నారు. కాళ్లు తిమ్మిరెక్కుతుంటే అది షుగరు వల్లేనని సరిపెట్టుకోకుండా, బీ12 రక్తపరీక్ష గురించి డాక్టరును అడగాలి. లోపం ముదిరితే పాలూ పెరుగూ సరిపోవు, మాత్రలో ఇంజెక్షన్లో కావాలి. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.